చుక్క పెట్టని మాట

నాకు తెలిసిన ఇంగ్లీషు మాటలన్నీ మనుషులే. వాటి అక్షరాలు నాకు రావు. పుంగనూరులో మా వీధికి పాలు పోసే ఆయన ఒక మాట. ఎదురింటి ఆమె ఒక మాట. మా మరిది ఒక మాట. నేను రెండు మాటలు. అందులో ఒకటి నా కూతురు పెట్టింది, రెండోది నా మనవరాలు పెట్టింది.

నేను బడికి పోయింది తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చేదాకానే. ఆ తర్వాత మా నాయన నా చేతిలోని పలక తీసుకుని గంప ఇచ్చాడు. ఇది రాస్తుంటే మనవరాలు చూసి చాలాచోట్ల దిద్దింది. దిద్దినవాటిలో కొన్నిటిని నేను మళ్ళీ నా పద్ధతికి మార్చుకున్నాను.

మాది చింతపండు వ్యాపారం. మా ఆయన పోయాక కూడా నేను దాన్ని వదలలేదు. శివరాత్రి దాటితే చౌడేపల్లె వైపునుంచి రైతులు కాయలు తెచ్చి మా ముందుగదిలో పోసేవారు. గోడకు ఆనించి కుప్పలు. వీధిలో ఆడవాళ్ళు వచ్చి కూర్చుని, చిన్న కట్టెతో కొట్టి పెంకు తీసి, నార లాగి, గింజ రాల్చేవారు. ఇంటినిండా పులుపు వాసన. అన్నంలోకి, దిండులోకి, నూనె రాసుకున్న జుట్టులోకి కూడా అదే వాసన.

నాకు ఒక్కతే కూతురు. తెలుగు మీడియంలో చదివి, డిగ్రీకి మదనపల్లె పోయేది. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేది. మొదటి ఏడాది ఆ బస్సు దిగి ఇంటికొచ్చాక చాలాసేపు ఎవరితోనూ మాట్లాడేది కాదు. అక్కడ క్లాసులో ఇంగ్లీషు మీడియం పిల్లల మధ్య కూర్చుని నోరు తెరవకుండా ఉండి ఉండి, ఆ అలవాటును ఇంటిదాకా మోసుకొచ్చేది. ఒకరోజు సంచిలోంచి ఇటుకంత పుస్తకం తీసింది. అట్ట లేదు. బస్టాండు దగ్గర పాత పుస్తకాలు పరుచుకుని అమ్మేవాడి దగ్గర కొన్నదట.

"అట్ట కూడా లేని దానికి దుడ్లు పెడతారా ఎవురైనా?" అన్నాను.

"లోపల మాటలుండాయి మా. ఒక్కో మాట, దాని కింద దాని అర్థం. ఇవన్నీ వస్తే నేను ఎమ్మే ఇంగ్లీషు పరీక్ష రాస్తా. కాలేజీలో పాఠం సెప్తా. నేను సెప్పేటప్పుడు ఎవురూ నవ్వకూడదు."

పాత బియ్యంసంచి గుడ్డ కత్తిరించి దబ్బనంతో ఆ పుస్తకానికి అట్ట కుట్టి ఇచ్చాను. ఊరికే చిరిగిపోతే నష్టం కదా.

మాటలు దానికి నిలిచేవి కావు. పొద్దున చదివినవి సాయంత్రానికి పోయేవి. కాయలు కొడుతూ పక్కన పుస్తకం పెట్టుకుని, అర్థం పైకి చదివి, అది తెలుగులో తనకు తాను చెప్పుకుని, మళ్ళీ మరిచిపోయి, తలమీద కొట్టుకునేది. చూసి చూసి ఒకరోజు చెప్పాను.

"ఈ కుప్పలన్నీ ఒక్కటే రంగు గదా. యాది యాడిదో నాకు ఎట్ల తెలస్తాది?"

"ఎట్ల?"

"మనిషిని బట్టి. ఇది కుంటాయన చెట్టుది, పులుపు జాస్తి. ఇది ఆ ఇద్దరన్నదమ్ములది, గింజ పెద్దది. కాయని సూస్తే నాకు కాయ కనపడదు, ఆ మనిషి మొగం కనపడతాది. నీ మాటలకి యజమానులు లేరు. అందుకే పోతాండాయి."

అది చేతిలోని కట్టె పక్కన పెట్టింది. తర్వాత పుస్తకం ఒళ్ళోకి లాక్కుంది. ఆ రోజునుంచి మా ఇంట్లో అదే పద్ధతి. అర్థం తెలుగులో చెప్పేది. చెప్పి, "ఇది ఎవురిది మా?" అని అడిగేది. నేను కొడుతూనే మనిషిని చెప్పేదాన్ని. మనిషి దొరికాక ఆ మాట పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టేది.

"అవసరం లేకపోయినా ఆపకుండా మాట్లాడే మనిషి. ఇది ఎవురిది?"

"ఇంగెవురిది, ఎదురింటామెది."

"గారులస్," అని చుక్క పెట్టింది.

ఎదురింటి ఆమె అక్కడే మా పక్కన కూర్చుని గింజలు రాలుస్తోంది. "ఏందమ్మే, నన్నేందో అంటాండారు తల్లీబిడ్డా?"

"నీకు పేరు పెట్నామక్కా, ఇంగ్లీషులో."

"మంచి పేరేనా?"

"నీకు శానా బాగా కుదిరింది," అన్నాను. ఆ సాయంత్రం ఆమె ఆ పేరును వీధంతా చెప్పుకుని వచ్చింది.

పని ఉన్నా లేవకుండా పడుకునేవాడు ఇండొలెంట్. అది మా మరిది. కొలతలో నీళ్ళు కలిపి కూడా మనమే మోసం చేసినట్టు కోపంగా చూసే పాలాయనకు ఒక మాట దొరికింది, అది పలకడం నాకు ఎప్పుడూ కుదరలేదు. అంతకు ముందే ఒకరోజు అది ఒక అర్థం చదివి, నన్ను అడగకుండానే చుక్క పెట్టేసింది.

"నన్ను అడగలేదే?"

"దీనికి అడగాల్సిన పని లేదు మా. ఫ్రూగల్. ఉండేదాన్ని చూసి చూసి వాడుకునే మనిషి. ఈ అట్ట కుట్టినామె."

నేను నవ్వలేదు. నవ్వితే పని ఆగుతుంది. కానీ ఆ మాట నాకు గుర్తుండిపోయింది.

తర్వాత పెళ్ళయింది. కానుపుకు ఇంటికి వచ్చినప్పుడు బట్టలతోపాటు ఆ పుస్తకం కూడా తెచ్చింది. ముందుగదిలో దూలానికి ఉయ్యాల కట్టాను. ఒక కాలితో ఉయ్యాల ఊపుతూ, చేత్తో గింజ రాలుస్తూ, అర్థాలు చదివేది. ఉయ్యాల దిగి పాప నడక నేర్చినా నా బిడ్డ పరీక్ష ఆశ వదల్లేదు. ఏటా సీజనుకు నాకు సాయమని చెప్పి వచ్చేది. వచ్చింది మాటలకోసమేనని నాకు తెలుసు. పుస్తకంలో సగానికి వచ్చింది.

ఆఖరుగా చుక్క పెట్టిన మాట నాకు తెలుసు. మాగ్నానిమస్. తనకు చెడు చేసినవాళ్ళను కూడా మనసులో పెట్టుకోకుండా ఉండే పెద్దమనసు. "ఇది ఎవురిది మా?" అంది. నేను వీధి ఈ చివరనుంచి ఆ చివరిదాకా మనసులోనే నడిచి వచ్చాను.

"మన వీధిలో లేరు."

"పక్క వీధిలో?"

"అసలు పుంగనూర్లోనే లేరులే. పెట్టు సుక్క, ముందుకు పో. పొద్దెక్కతాంది."

అది నవ్వుతూ, యజమాని లేకుండానే, చుక్క పెట్టింది. మర్నాడు జ్వరం. అది జ్వరమే అనుకున్నాం. కళ్ళు పచ్చబడ్డాక మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడినుంచి దాన్ని వ్యానులో తెచ్చాం. పాపకు అప్పటికి మాటలు పూర్తిగా రాలేదు.

అల్లుడు ఏడాది తిరిగాక మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. నేను తప్పు పట్టను. పాపను నేనే ఉంచుకున్నాను.

మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. పనిచేస్తూ చేస్తూ సగంలో పోయినవాళ్ళ పనిని, వాళ్ళ చెయ్యి ఆగినచోటినుంచి ఎవరూ అందుకోరు. మా అత్త పోయినప్పుడు ఆమె కూర్చున్న కుప్ప సగం అలాగే ఉంది. దినాలు అయ్యాక మేము ఆ కుప్పకు అవతలి పక్క కూర్చుని కొట్టాం. కొడుతూ కొడుతూ ఆమె పక్కకు వచ్చాం. ఆఖరికి మిగిలిన గుప్పెడు, ఆమె చెయ్యి ఆగిన గుప్పెడు, ఇంట్లో ఉంచుకోకూడదు. గడప దాటించి, ఊరిదారిలో పోయే ఎవరికో ఇచ్చేయాలి. ఇంట్లో ఉంచుకుంటే ఆ పని ఇంకొకరిని పిలుస్తుందని మా అత్తవాళ్ళ నమ్మకం. నేను దాన్ని పరీక్షించి చూడదలచుకోలేదు.

అందుకని పుస్తకాన్ని ఎవరి చేతికీ అందకుండా అటక మీద పెట్టాను. గడప దాటించడం మాత్రం నావల్ల కాలేదు.

కానీ సీజను వచ్చి కట్టె చేతపట్టినప్పుడల్లా, ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య, నా ఎడమపక్కనుంచి వినిపించేది. ఇది ఎవురిది మా? గట్టిగా కాదు, దెయ్యాల కథల్లోలాగా కాదు. పని మధ్యలో అడిగినట్టే. నేను జవాబు చెప్పేదాన్ని. అర్థం వినపడకుండా జవాబు ఎలా చెబుతానంటే, వీధిలో ఎవరు కనపడితే వాళ్ళ పేరు చెప్పేదాన్ని. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఎదురింటి ఆమె మాత్రం, "సెప్పనీలే, దాని బిడ్డతో అది మాట్లాడుకుంటాంది, మీకేం నొప్పి," అని కసిరేది. తర్వాత కొన్నేళ్ళకు ఆమె కూడా పోయింది. ఆమె పోయినా ఆమె మాట పోలేదు. ఇప్పటికీ ఆ ఇంటి తలుపు చూస్తే గారులస్ అని తలుపే అన్నట్టుంటుంది. మా వీధిలో పోయినవాళ్ళంతా నాకు ఇంగ్లీషులోనే తిరుగుతుంటారు.

పాప పెద్దదయింది. అది కూడా మదనపల్లె బస్సులోనే ఇంటర్‌కు పోయింది. రెండో ఏడాది చివర్లో, కుప్పంలో అయిదేళ్ళ ఇంగ్లీషు కోర్సు ఒకటి ఉందనీ, దానికి పరీక్ష రాస్తాననీ చెప్పింది. వాళ్ళ నాయన వచ్చి కూర్చున్నాడు.

"కలకడలో ఒక సంబంధముండాది అత్తా. మంచి రైతులు. పాప సీటు తెచ్చుకుంటే సదువుకోనీ, నేను అడ్డం రాను. రాకపోతే ఈ ఏడే పెండ్లి. నాకూ వెనక ఇద్దరు ఆడబిడ్డలుండారు."

అన్యాయమేమీ లేదు అందులో. పాప తల ఊపింది. ఆ వారమే అటకెక్కి ఆ పుస్తకాన్ని దించింది.

"అవ్వా, ఈ సుక్కలు అమ్మవేనా?"

"దాన్ని పైన పెట్టు."

"ఈ పరీక్షలో ఇట్లాంటి మాటలే అడుగుతారంట. అమ్మ నేర్చుకున్నవి నేనూ నేర్చుకుంటా. నువ్వే సెప్పాల యాది ఎవురిదో."

చుక్కలున్నంతవరకూ భయం లేదనిపించింది. అవి పూర్తయిన పని. చెప్పాను. పాప అర్థం చదువుతుంటే నాకు మనిషి గుర్తొచ్చేవాడు, మనిషి వెనకే నా బిడ్డ ఆ రోజు అన్న మాటలు, కట్టుకున్న చీర. పాపకు చూడని మనుషులంతా తెలిసిపోయారు. దానికి మాటలు బాగా పట్టుబడ్డాయి. అలా వచ్చి వచ్చి ఒక కుడిపుట కిందిభాగంలో ఆగాం. మాగ్నానిమస్ పక్కన చుక్క. దాని కింద ఒక్క చుక్క లేదు. ఆ పుటలో మిగిలిందీ, ఆ తర్వాతి పుటలన్నీ తెల్లగా. చదువు రానివాళ్ళకు కూడా అర్థమయ్యేంత తెల్లగా.

పాప పెన్ను తీసింది. నేను దాని చేతిమీద చెయ్యి వేసి నొక్కిపట్టాను.

"ఈడితో సాలు."

"ఇంగా సగముండాది అవ్వా!"

అప్పుడు దానికి మా అత్త కుప్ప సంగతి చెప్పాను. అది నోరు తెరుచుకుని విని, "ఇది చింతపండు కాదు గదా," అంది.

"మీ అమ్మ చింతపండు కొడతానే సదివింది. రెండూ ఒకే చెయ్యి."

"మరి సీటు రాకపోతే?"

నేను ఆలోచించాను. సీటు రాకపోతే ఏమవుతుందో నాకు దానికంటే బాగా తెలుసు. నా బిడ్డకు పరీక్ష రాయకముందే పెళ్ళయింది కదా.

"అవతలి పక్కనుంచి రా."

"అంటే?"

"పుస్తకం ఆఖరు పుటనుంచి మొదలుపెట్టి ఇటు రా. కుప్పకి అవతలి పక్క కూర్చున్నట్టు."

పాప పగలబడి నవ్వింది. "ఈ లోకంలో ఇంగ్లీషును ఎనకనుంచి నేర్చుకునేది నేనొక్కదాన్నే అవ్వా." కానీ అట్లాగే చేసింది. ఎర్ర పెన్నుతో, ఆఖరు పుటనుంచి, పైకి. నేను కొత్త యజమానులను వెతికి ఇచ్చాను. ఒక నమ్మకం పట్టుకుంటే పిచ్చిగా దాని వెంటే పోయేవాడు జీలట్. అది మా వీధిలో కొత్తగా భజన మైకు పెట్టినాయన. ఎంత తిన్నా ఆకలి తీరనిది వొరేషియస్. అది పక్కింటివాళ్ళ ఎనుము. ఒకనాడు పాప ఒక అర్థం చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏంది?"

"పార్సిమోనియస్. ఖర్చు పెట్టాలంటే పానం పోయినట్టుండే మనిషి. పిసినారి అవ్వా. నీదే ఇది."

"నాకు మీ అమ్మ ముందే ఒకటి పెట్టింది గదా. ఫ్రూగల్."

"అది మెచ్చుకునే మాట. ఇది తిట్టే మాట."

"ఉండేది నేనొక్కదాన్నే గదా. రెండు మాటలెందుకు?"

"సెప్పేవాళ్ళను బట్టి అవ్వా. అమ్మకి నువ్వు కొత్త చెప్పులు కొనిచ్చినావేమో. నావి సూడు," అని తెగి కుట్టిన చెప్పు ఎత్తి చూపించింది. నేను కట్టె ఎత్తాను. అది నవ్వుతూ అవతలికి పరుగెత్తింది.

అదే సమయంలో నాకొకటి అర్థమవుతూ వచ్చింది. ఎర్రచుక్కలు రోజురోజుకూ పెన్సిలుచుక్కల దగ్గరికి వస్తున్నాయి. మధ్యలో తెలుపు తగ్గుతోంది. పాప కాలేజీకి పోయినప్పుడు నేను పుస్తకం తీసి ఆ తెలుపును చేత్తో తడిమి చూసేదాన్ని. మొదట గుప్పెడు పుటలుండేవి. తర్వాత వేళ్ళ మధ్య పట్టుకునేంత. తర్వాత ఒక పుట. నా ఎడమపక్క వినపడే ప్రశ్న కూడా దగ్గరవుతోంది. ఇదివరకు పని మధ్యలోనే వచ్చేది. ఇప్పుడు నీళ్ళు తోడుతున్నా, పొయ్యి ఊదుతున్నా వస్తోంది. ఎవురిది మా? ఎవురిది?

పరీక్ష వారం ఉందనగా పాప మదనపల్లె బస్టాండులో వానకు తడిసి వచ్చింది. తెల్లారేసరికి జ్వరం.

నేను పుస్తకాన్ని బియ్యం డబ్బాలో పెట్టి, మూతపెట్టి, దానిమీద కూర్చున్నాను. డాక్టరు వచ్చి చూసి, మామూలు జలుబు జ్వరమని మాత్రలిచ్చి పోయాడు. నేను దాని కళ్ళ రెప్పలు ఎత్తి ఎత్తి చూశాను. తెల్లగానే ఉన్నాయి. మళ్ళీ చూశాను.

"అవ్వా, కండ్లు పీకేసేట్టుండావు."

"ఊరికే పండుకో."

"పుస్తకం ఇయ్యి. పండుకునే సదువుతా. శానా తక్కువ మాటలుండాయి."

"లేదు."

"వానలో తడిసినాను కాబట్టి జరమొచ్చింది. మాటకి జరమొస్తాదా?"

"మీ అమ్మకి వచ్చింది."

పాప లేచి కూర్చుంది. జ్వరానికి మొహం ఎర్రగా, జుట్టు చెదిరి, అచ్చం దాని తల్లి. నేను డబ్బా మూతను రెండు చేతులా నొక్కిపట్టుకున్నాను.

"అవ్వా, ఒకటి సెప్పు. అమ్మ చెయ్యి యాడ ఆగింది? సుక్క పెట్టిన మాట కాడా, దాని కింద మాట కాడా? సుక్క పెట్టింది వచ్చేసింది గదా. అంటే కింద మాట సదవబోతా ఆగింది."

"అవును."

"నేను దాన్ని సదవకుంటే అమ్మ ఎప్పుటికీ ఆడనే నిలబడుంటాది."

"నిలబడనీ."

"యాల?"

"ఆడుంటే, యాడుండాదో నాకు తెలుసు."

ఆ మాట నా నోటినుంచి వచ్చేదాకా అది నాలో ఉందని నాకే తెలియదు. పాప గోడవైపు తిరిగి పడుకుంది. మూడు పూటలు అది పుస్తకం ఊసెత్తలేదు. జ్వరం దిగింది. నేను చారు పెట్టి అన్నం పిసికి ఇస్తే తిన్నది. తింటూ కిటికీలోంచి పక్కింటి ఎనుమును చూస్తూ పెదవులు కదిలించింది. నేర్చుకున్న మాటలను తనలో తాను అనుకుంటోంది. దాని మొహంలో కలకడ సంబంధం కనిపించింది నాకు. మదనపల్లె బస్సు దిగి నోరు తెరవకుండా కూర్చునే ఇంకో మొహం కూడా కనిపించింది.

డబ్బా తెరిచి, పుస్తకానికి అంటిన బియ్యం దులిపి, దాని ముందు పెట్టాను.

"సదువుకో. అన్నీ సదువు. ఆ ఒక్క మాట మాత్రం ఈ ఇంట్లో పలకొద్దు. దాని అర్థం నాకు సెప్పొద్దు. ఎవురిదని నన్ను అడగొద్దు. గడప దాటినాక సదువుకో. బయటనే వాడుకో. ఇంటికి తేవొద్దు."

"అంటే అది నీకు ఎప్పుటికీ తెలీదా అవ్వా?"

"తెలీకూడదు. ఆఖరు గుప్పెడు ఇంట్లో ఉంచుకోరు."

పాప తల ఊపింది. ఈసారి నవ్వలేదు.

పరీక్షకు ముందు రోజు కుప్పానికి బయలుదేరాం. పలమనేరులో బస్సు మారాలి. బస్టాండులో బెంచీ మీద పాపను కూర్చోబెట్టి, సంచిలోంచి పుస్తకం తీసి దాని ఒళ్ళో పెట్టాను. "నేను నీళ్ళు పట్టుకుని వస్తా," అన్నాను. సంచిలో సీసా నిండుగానే ఉంది. పాప నన్నొకసారి చూసి పుస్తకం తెరిచింది.

నేను కుళాయి దాకా పోయి, మామిడికాయల బండి పక్కన నిలబడి చూశాను. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. బెంగుళూరు బస్సు ఒకటి అడ్డం వచ్చి ఆగింది. అది కదిలేసరికి పాప పెదవులు కదులుతున్నాయి. అర్థం చదువుతోంది. తల కొంచెం ఎడమకు వంచింది. నా బిడ్డ వంచినట్టే. కళ్ళు పైకెత్తి ఎవరినో వెతికింది. బస్టాండులో ఉన్నవాళ్ళందరినీ ఒక్కొక్కరినే చూసుకుంటూ పోయింది. ఎవరి దగ్గర ఆగిందో ఆ దూరంలో నాకు తెలియలేదు. ఆగింది మాత్రం చూశాను. తర్వాత తలవంచి పెన్ను ఆనించింది.

అంతే. బస్టాండులో ఏమీ కాలేదు. మామిడికాయలాయన, "అమ్మా, కొనేదుంటే కొను, లేకపోతే పక్కకి జరుగు, బేరం పోతాంది," అన్నాడు.

పాపకు సీటు వచ్చింది. కలకడవాళ్ళకు అల్లుడే కబురు పంపాడు. పాప హాస్టల్లో చేరింది. పుస్తకాన్ని తనతోనే తీసుకుపోయింది. ఇచ్చిన మాట తప్పలేదు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆ మాట ఎప్పుడూ పలకలేదు. పలికినా నాకు తెలియదు కదా అని మీరనవచ్చు. నాకు తెలుస్తుంది. అది ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఏదో ఒక మాట చుట్టూ తిరిగిపోతున్నట్టు, వాకిట్లో ముగ్గును తొక్కకుండా పక్కనుంచి నడిచినట్టు మాట్లాడేది.

ఆ తర్వాతి సీజనులో నేను కట్టె పట్టుకుని కూర్చున్నాను. కొట్టాను. ఆగాను. మళ్ళీ కొట్టాను. నా ఎడమపక్క ఏమీ లేదు. ఆడవాళ్ళు ఎవరి మాటలు వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. గింజలు రాలుతున్నాయి. నేను కావాలని ఆలస్యంగా కొట్టి చూశాను. రెండు దెబ్బల మధ్య ఎంత ఖాళీ ఇచ్చినా, అది ఖాళీగానే ఉంది. పాలాయన కొడుకు వచ్చి పాలు పోసిపోయాడు. నేను ఒక పేరు పైకి అన్నాను, ఎవరూ అడగకుండానే. పక్కనున్నామె, "ఏందత్తా?" అంది. "ఏం లేదు," అన్నాను.

పద్ధతి తప్పని నేను అనను. పాప బాగుంది, చదువుతోంది, జ్వరాలు రావడం లేదు. గడప దాటించాల్సింది దాటించాం. కానీ ఒక సంగతి మా అత్తవాళ్ళు చెప్పలేదు. గుప్పెడు చింతపండు ఎవరికో ఇచ్చేస్తే ఆ ఎవరో వండుకుని తినేస్తారు, అయిపోతుంది. మాట అట్లా అయిపోదు. ఇన్నాళ్ళూ నా బిడ్డ ఒక పుస్తకంలో, ఒక పుటలో, ఒక చోట ఉండేది. ఆ చోటు నా అటక మీద ఉండేది. ఇప్పుడు నేనే దాన్ని బయటికి పంపించాను. అది ఎవరి నోట్లో ఉందో తెలియదు.

అందుకని ఇంగ్లీషు వినపడితే ఆగిపోతున్నాను. మందుల అంగడిలో. బ్యాంకులో. టీవీలో వార్తలు చదివే అమ్మాయి దగ్గర. అర్థం కాదు. అర్థం కోసం కాదు కూడా. అందులో ఒక మాట అదే అయి ఉంటుంది. అదే అయినా నేను గుర్తుపట్టలేను. గుర్తుపట్టలేనని తెలిసీ వింటాను.

మొన్న పాపను చూడటానికి కుప్పం పోయాను. దానికి క్లాసు అయ్యేదాకా కాలేజీ ఆవరణలో కూర్చుందామని నీడ వెతుక్కుంటే, ఒక బెంచీ మీద ఇద్దరు ఆడ లెక్చరర్లు మాట్లాడుకుంటున్నారు. అంతా ఇంగ్లీషే. ఒకామెకు చెవుల దగ్గర జుట్టు నెరుస్తోంది. ఒళ్ళో పుస్తకాలు పెట్టుకుని, చేయి తిప్పుతూ, ఎవరి నవ్వుకూ భయం లేకుండా మాట్లాడుతోంది. నేను పోయి ఆ బెంచీ చివర కూర్చున్నాను. తర్వాత ఇంకొంచెం జరిగాను.

ఆమె మాట ఆపి నా వైపు తిరిగింది. "ఏమవ్వా, ఏం గావల్ల? ఎవురికోసం వచ్చినావు?"

"మనవరాలి కోసమమ్మా. వస్తాది. మీరు మాట్లాడుకోండి."

"ఎండలో యాల, ఇట్ల నీడలోకి రా. నీళ్ళు తాగతావా?" అని జరిగి చోటిచ్చింది. తర్వాత ఇద్దరూ, నా ముందు అట్లా మాట్లాడటం మర్యాద కాదనుకున్నారేమో, తెలుగులోకి మారారు. ఎండలగురించి, సెలవులగురించి, ఇంటి బాడుగగురించి.

కాసేపు విన్నాను. లేచి కొంగు సర్దుకుని, అవతల ఇంకో చెట్టు కింద ఇంగ్లీషు మాట్లాడుకుంటూ కూర్చున్నవాళ్ళ దగ్గరికి పోయాను.